కేడీ లిస్టు నుంచి గూగుల్ దాకా - పోలీసు రికార్డు చెరిపే కథ

"కేడీ" అన్న మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తామో! అల్లరి చేసే తమ్ముణ్ణి కేడీ అంటాం. మీటరు మీద ఇరవై ఎక్కువ అడిగిన ఆటోవాణ్ణి కేడీగాడు అంటాం. సినిమాలకి కూడా ఆ పేరు పెట్టుకున్నాం. నిజానికి ఇది తెలుగు మాట కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు స్టేషన్లలో "నోన్ డిప్రెడేటర్" అని ఒక లిస్టు ఉండేది. అంటే పోలీసులకి తెలిసిన దొంగ అని. స్పెల్లింగులో ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కె, డి. ఆ పొడి అక్షరాలే జనం నోట్లో పడి కేడీ అయ్యాయి. అంటే మనం సరదాగా వాడే ఈ తిట్టు ఒకప్పుడు ఒక రిజిస్టరు పేరన్నమాట.

ఐటీ వాళ్ళకి ఈ రిజిస్టర్లతో ఏం పని అనుకోకండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, పాస్‌పోర్టుకి పోలీసు ఎంక్వైరీ, అమెరికా వీసా ఫారంలో "మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా?" అన్న ప్రశ్న... మన జీవితాలు ఈ రిజిస్టర్ల చుట్టూ చాలానే తిరుగుతాయి. కాలేజీ రోజుల్లో రెండు గ్రూపులు కొట్టుకుంటే అక్కడ నిలబడ్డ పాపానికి ఎఫ్.ఐ.ఆర్.లో పేరెక్కినవాడు, అన్నావదినల గొడవలో డల్లాస్‌లో కూర్చుని ఉండగానే ఏ-4 అయిపోయినవాడు మనకి తెలిసినవాళ్ళలో ఎక్కడో ఒకడు ఉంటాడు. వీళ్ళందరూ చివరికి అడిగే ప్రశ్న ఒక్కటే. "కేసు అయిపోయింది సరే, రికార్డు ఎలా తీయించుకోవాలి?"

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దీనికంటూ ఒక పద్ధతి ఉంది. అర్హత ఉన్నవాళ్ళు కోర్టులో పిటిషన్ వేసుకుంటే ఆ రికార్డుని చెరిపేస్తారు, లేదా ఎవరికీ కనపడకుండా సీలు వేస్తారు. మన దగ్గర ఆ పేరుతో పిటిషనే లేదు. అందరికీ వర్తించే అలాంటి చట్టం మన దేశంలో ఎప్పుడూ రాలేదు. ఉన్నవన్నీ ముక్కలు ముక్కలుగా, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలకి వచ్చినవి. ఎందుకిలా అని చదువుతూ పోతే నూటయాభై ఏళ్ళ కథ బయటపడింది. నాకు అర్థమైనంతలో ఆ కథ సారాంశం ఇదీ: మన వ్యవస్థలో పేరు రాయడానికి స్టేషన్లో ఒక ఎస్.ఐ. చాలు, అదే పేరు కొట్టేయడానికి హైకోర్టు దాకా వెళ్ళాలి. మన భాషలో చెప్పాలంటే ఇన్సర్ట్ పర్మిషన్ కింది స్థాయిలో ఉంది, డిలీట్ పర్మిషన్ ఎక్కడో పైన ఉంది.

(ముందే చెబుతున్నా, నేను లాయర్ని కాను. ఇది చరిత్రే, సలహా కాదు. కేసు ఉన్నవాళ్ళు లాయరు దగ్గరికే వెళ్ళాలి.)

పుట్టుకతోనే రికార్డు

రికార్డు అనేది మనిషి చేసిన పనిని బట్టి రావాలి కదా. మన దేశంలో లక్షల మందికి అది పుట్టుకతోనే వచ్చింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911లో కొత్త చట్టం వచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి కూడా వచ్చింది. 1924లో అన్నిటినీ కలిపి మళ్ళీ ఒకటి చేశారు.

ఈ చట్టం పద్ధతి చాలా సింపుల్. ఫలానా తెగ నేరస్థుల తెగ అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఆ తెగలో వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే పాసు కావాలి. చెప్పిన టైముకి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకి తక్కువ కాకుండా జైలు, మూడోసారి పడితే జీవితాంతం ద్వీపాంతరం. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు మెలిక ఇంకొకటి ఉంది. ఆ గెజిట్ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసేశారు! అంటే నీ పేరు ఎందుకు రాశారో అడగడానికి తలుపే లేదు. కోర్టు ద్వారా రికార్డు చెరిపించుకోవడం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఈ ఒక్క సెక్షన్ గుర్తుపెట్టుకోండి. మన కథ ఇక్కడ మొదలైంది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆ పేరు వినగానే దొంగలు గుర్తొస్తారు, సినిమాలు గుర్తొస్తాయి. అది అసలు సహజంగా పుట్టిన ఊరు కాదు. 1910ల్లో ఈ చట్టం కింద ఎరుకలవాళ్ళని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి నడిపే బాధ్యత ఇచ్చారు. అప్పటి మద్రాసు గవర్నరు కార్యవర్గంలో సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. మరి ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళు? ఉప్పు, ధాన్యం మోసుకుంటూ కోస్తా నుంచి లోపలి జిల్లాలకి తిరిగి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళొచ్చాక, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు మారాక ఆ వ్యాపారం ఎలా దెబ్బతిందో, సెటిల్‌మెంటు మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి ఎలా పనివాళ్ళయ్యారో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ గారు 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. బతుకుతెరువు పోయిన తిరిగే జాతి ప్రభుత్వం కంటికి అనుమానంగా కనపడింది. అనుమానం గెజిట్ అయింది. గెజిట్ రిజిస్టరు అయింది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి ఏం చెయ్యాలో తేల్చడానికి 1949లో కేంద్రం ఒక కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు, మన తిరుచానూరు ఆయన, తర్వాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. కమిటీ రద్దు చెయ్యమంది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ఆ తెగలవాళ్ళు ఇప్పటికీ ఆ రోజుని విముక్తి దినంగా జరుపుకుంటారు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. అదే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. కులంతో సంబంధం లేకుండా, అలవాటుగా నేరాలు చేసేవాళ్ళ కోసం వేరే చట్టం పెట్టుకోమని. మద్రాసు 1948లోనే అలాంటిది చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ 1962లో హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టం చేసుకుంది. కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. కానీ స్టేషన్లో రిజిస్టరు చూసుకునేవాళ్ళ దగ్గర ఉన్న పేర్లేవి? పాత పేర్లే. టేబుల్ పేరు మారింది, లోపలి డేటా అలాగే మైగ్రేట్ అయింది. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఇది ఎలా జరుగుతుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు :)

నెగెటివుతో సహా వాపసు

రాసే పద్ధతులు ఇంకా పదునెక్కింది 1897లో. ఆ ఏడాది కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. పేరు ఎడ్వర్డ్ హెన్రీది, లెక్కలు చేసి ముద్రలని వర్గీకరించే పద్ధతి తయారుచెయ్యడంలో అసలు కష్టం అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఇన్‌స్పెక్టర్లది. అంతకుముందు పేరు మార్చుకుని పక్క జిల్లాకి పోతే కొత్త జీవితం మొదలుపెట్టొచ్చు. ఇక ఆ వీలు లేదు. రికార్డు మనిషి చేతికే అంటుకుంది.

వింత ఏమిటంటే, చెరపడం గురించి మన చట్టాల్లో నాకు కనపడ్డ మొదటి స్పష్టమైన మాట కూడా ఇక్కడే ఉంది. 1920లో ఖైదీల గుర్తింపు చట్టం వచ్చింది. అందులో 7వ సెక్షన్ చదివి ఆశ్చర్యపోయాను. ఇంతకుముందు ఏడాది, ఆపైన కఠిన శిక్ష పడే నేరంలో దోషిగా తేలని మనిషిని విచారణ లేకుండా వదిలేసినా, కోర్టు డిశ్చార్జి చేసినా, నిర్దోషి అని విడుదల చేసినా అతని కొలతలు, ఫొటోలు, వాటి నెగెటివులు, కాపీలు అన్నీ నాశనం చెయ్యాలి, లేదా అతని చేతికే ఇచ్చెయ్యాలి! వద్దనుకుంటే కోర్టో మేజిస్ట్రేటో కారణం రాసి మరీ ఆపాలి. బ్రిటిష్ వాడు 1920లో రాసిన మాట ఇది. ఇక్కడ చెరపడం అనేది డిఫాల్టు. ఉంచాలంటేనే కారణం చెప్పాలి.

ఆ చట్టం 2022 దాకా బతికింది. ఆ ఏడాది ఆగస్టు 4 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వేలిముద్రలతో పాటు కనుపాప స్కాన్లు, ఇంకా చాలా తీసుకోవచ్చు. డేటా జాతీయ నేర రికార్డుల బ్యూరో దగ్గర 75 ఏళ్ళు ఉంటుంది. పాత 7వ సెక్షన్ లాంటి మాట ఇందులోనూ ఉంది, కాకపోతే "చట్టపరమైన దారులన్నీ అయిపోయాక" అని ఒక తోక తగిలించారు. అంటే నిన్ను నిర్దోషి అన్నా, పై కోర్టుల్లో అప్పీళ్ళన్నీ తేలేదాకా నీ వేలిముద్రలు అక్కడే ఉంటాయి. మన దేశంలో ఒక కేసు తేలడానికి ఎంత కాలం పడుతుందో తెలిసిన విషయమే.

హైకోర్టు చేతిలో రబ్బరు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. తప్పుడు కేసుని మొదట్లోనే కొట్టేయించడం, మన లాయర్లు "క్వాష్" అనేది, ఎక్కడి నుంచి వచ్చింది?

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కి 1923లో 561-ఎ అని ఒక చిన్న సెక్షన్ చేర్చారు. న్యాయం జరగడానికి, కోర్టు ప్రక్రియ దుర్వినియోగం కాకుండా చూడటానికి హైకోర్టుకి సహజంగా ఉన్న అధికారాలని ఈ కోడ్ తగ్గించదు అని. అంతే. ఎప్పుడు, ఎలా అని ఏమీ లేదు. 1973 కోడ్‌లో అదే 482 అయింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 528 అయింది. నంబర్లు మారాయి గానీ మాటలు దాదాపు అవే.

ఈ రబ్బరుని ఎంత గట్టిగా రుద్దొచ్చు అన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది. 1944లో లాహోరు నుంచి ఒక కేసు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది, ఖ్వాజా నజీర్ అహ్మద్ కేసు. లాహోరు హైకోర్టు పోలీసు దర్యాప్తుని ఆపేసింది. లండన్‌లో పెద్దలు కుదరదన్నారు. దర్యాప్తు పోలీసుల చట్టబద్ధమైన హక్కు, కోర్టు పని ఛార్జిషీటు వచ్చాకే మొదలవుతుంది, 561-ఎ కొత్త అధికారమేమీ ఇవ్వలేదు, ఉన్నదాన్ని కాపాడిందంతే అన్నారు. దాంతో రబ్బరు మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

దాన్ని బయటికి తీసింది 1960లో ఆర్.పి. కపూర్ కేసు. కపూర్ గారు సామాన్యుడు కాదు, ఐ.సి.ఎస్. ఆఫీసరు. 1958 డిసెంబరులో ఆయన మీద ఎఫ్.ఐ.ఆర్. అయింది. కొట్టెయ్యమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. జస్టిస్ గజేంద్రగడ్కర్ మూడు రకాల కేసుల్లో హైకోర్టు కొట్టెయ్యొచ్చన్నారు. కేసు పెట్టడానికే చట్టం అడ్డు ఉన్నప్పుడు, ఎఫ్.ఐ.ఆర్.లో రాసిందంతా నిజమే అనుకున్నా అది నేరం కానప్పుడు, నేరం అయినా సాక్ష్యం అనేదే లేనప్పుడు. ఇంతకీ కపూర్ గారి కేసు ఏమైంది? కొట్టెయ్యలేదు. ఆయన అప్పీలు డిస్మిస్ చేశారు! ఆయన పేరుతో వచ్చిన మూడు సూత్రాల మీద తర్వాత ఎంతమంది బయటపడ్డారో, ఆయన మాత్రం పడలేదు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇదే తమాషా మళ్ళీ జరిగింది. 1987లో హర్యానాలో దేవీలాల్ గెలిచాక పాత ముఖ్యమంత్రి భజన్‌లాల్ మీద అక్రమాస్తుల ఫిర్యాదు వచ్చింది. పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ రత్నవేల్ పాండ్యన్, మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె. జయచంద్రారెడ్డి 1990 నవంబరులో తీర్పిచ్చారు. మూడు సూత్రాలు ఏడయ్యాయి. ఏడోది చాలా ముఖ్యం, కేవలం కక్షతో, పగ తీర్చుకోవడానికి పెట్టిన కేసు అని స్పష్టంగా కనపడితే కొట్టెయ్యొచ్చు. ఇప్పుడు ఏ క్వాష్ పిటిషన్ తెరిచినా భజన్‌లాల్ పేరు ఉంటుంది. మరి భజన్‌లాల్ సంగతి? ఆయన మీద ఎఫ్.ఐ.ఆర్.ని హైకోర్టు కొట్టెయ్యడం తప్పంది సుప్రీంకోర్టు. దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరుకి సరైన అనుమతి లేదు కాబట్టి ఆ దర్యాప్తు చెల్లదు, కావాలంటే ప్రభుత్వం మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు అంది.

నాకు ఇందులో గమనించదగ్గది ఒకటి కనపడింది. ఈ సూత్రాలు పుట్టించిన ఇద్దరిలో ఒకరు ఐ.సి.ఎస్., ఇంకొకరు ముఖ్యమంత్రి చేసినాయన. సుప్రీంకోర్టు దాకా వెళ్ళే స్తోమత ఉన్నవాళ్ళు కాబట్టే సూత్రాలు పుట్టాయి. స్టువర్టుపురం రిజిస్టరులో ఉన్న మనిషికి కోర్టు గుమ్మమే మూసేశారు. 1950 తర్వాత గుమ్మం తెరిచారు, ఫీజు మాత్రం అలాగే ఉంది.

రాజీ దారి

మన ఐటీ వాళ్ళకి ఎక్కువగా తగిలే దారి ఇది. 498-ఎ కేసు, భార్యాభర్తలు విడాకులకి ఒప్పుకున్నారు, లెక్కలు తేలాయి, మరి క్రిమినల్ కేసు? 498-ఎ ఐ.పి.సి.లోకి 1983లో వచ్చింది, రాజీ పడటానికి వీల్లేని నేరంగా. ఇక్కడ మన రాష్ట్రం అందరికన్నా ముందు నడిచింది. 2003లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ కోడ్‌కి సవరణ చేసి, కోర్టు అనుమతితో, అడిగాక కనీసం మూడు నెలలు ఆగి, రాజీ చేసుకోవచ్చంది. అదే ఏడాది బి.ఎస్. జోషి కేసులో సుప్రీంకోర్టు, రాజీ కుదిరిన భార్యాభర్తల కేసుని హైకోర్టు తన సహజాధికారంతో కొట్టెయ్యొచ్చు అంది. 2012లో గ్యాన్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు దీన్ని స్థిరం చేశారు. డబ్బు, వ్యాపారం, కుటుంబం లాంటి వ్యక్తిగత గొడవలైతే సరే, హత్య, అత్యాచారం, దోపిడీ లాంటివాటిలో రాజీ కుదిరినా కొట్టెయ్యకూడదు. అవి సమాజం మీద నేరాలు.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. క్వాష్ అయితే కేసు పోతుంది, స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. పుస్తకంలో పేజీ చింపరు. ఆ నంబరు పక్కన "హైకోర్టు కొట్టేసింది" అని చేరుతుంది. మనం సాఫ్ట్ డిలీట్ అంటామే, అది. రో ఉంటుంది, స్టేటస్ మారుతుంది. పైగా 2016లో సుప్రీంకోర్టు, సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్.ఐ.ఆర్.లన్నీ 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలంది. నిందితుడికి తన మీద ఏం రాశారో తెలియాలని మంచి ఉద్దేశంతోనే అంది. కానీ అదే కాపీ డౌన్‌లోడ్ చేసి దాచుకున్నవాడి దగ్గర స్టేటస్ ఎప్పటికీ మారదు.

శిక్ష పడ్డాక

నిర్దోషుల సంగతి సరే. నిజంగా తప్పు చేసి, శిక్ష అనుభవించి, బాగుపడినవాడి సంగతి? నన్నడిగితే అసలు పరీక్ష ఇక్కడ.

1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కోర్టు జైలుకి పంపకుండా మందలించో మంచి ప్రవర్తన బాండు మీదో వదిలేస్తే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అతనికి అంటవు. వినడానికి చాలా బాగుంది. కానీ 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు, అనర్హత పోతుందంతే, నేరం రుజువైందన్న వాస్తవం పోదు, ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఆ ప్రవర్తన మీద చర్య తీసుకోవచ్చు అంది.

పూర్తిగా చెరిపేసే చట్టం ఒక్క పిల్లల విషయంలోనే ఉంది. 2000 జువెనైల్ జస్టిస్ చట్టం, దాని తర్వాత 2015 చట్టం, 18 ఏళ్ళ లోపు చేసిన తప్పు వల్ల ఏ అనర్హతా రాకూడదన్నాయి. అప్పీలు గడువు తర్వాత నిర్ణీత కాలానికి రికార్డులే తీసెయ్యమన్నాయి. 16 దాటి, ఘోరమైన నేరంలో బాలల కోర్టులో దోషిగా తేలినవాళ్ళకి మాత్రం 2015 చట్టం ఈ వెసులుబాటు ఇవ్వలేదు. మరి 17 ఏళ్ళ 11 నెలల కుర్రాడికి ఉన్న రెండో అవకాశం 18 ఏళ్ళ 1 నెల కుర్రాడికి ఎందుకు లేదు? మన ఇంజనీరింగ్ సెకండియర్ వయసు అది. గొడవలన్నీ జరిగే వయసు కూడా అదే.

మనకి రిజిస్టర్లు నేర్పిన బ్రిటన్ 1974లో తన దేశంలో పునరావాస చట్టం చేసుకుంది. చిన్న శిక్షలైతే, నిర్ణీత కాలం మళ్ళీ నేరం చెయ్యకపోతే, ఆ శిక్ష "ఖర్చయిపోయినట్టు". చాలా ఉద్యోగాలకి చెప్పక్కర్లేదు. రాయడం మనకి ఇచ్చి వెళ్ళారు, మర్చిపోవడం తర్వాత వాళ్ళ ఇంట్లో నేర్చుకున్నారు. మనం మొదటిది దాచుకున్నాం, రెండోది తెచ్చుకోలేదు.

ఫారంలో ఒక ప్రశ్న

2011లో సుప్రీంకోర్టుకి ఒక చిన్న కేసు వచ్చింది. ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి 1999లో దరఖాస్తు చేసిన కుర్రాడు, తన మీద పాత కొట్లాట కేసు ఉండి రాజీ అయిన సంగతి ఫారంలో రాయలేదు. జస్టిస్ కట్జూ బెంచి క్షమించింది. కుర్రతనంలో చేసే తప్పులకి జీవితాంతం ముద్ర వెయ్యకూడదంటూ, విక్టర్ హ్యూగో నవలలో రొట్టె దొంగిలించి జైలుకెళ్ళిన జీన్ వాల్జీన్‌ని గుర్తుచేసింది. నిజం చెబితే ఉద్యోగం రాదన్న భయంతోనే రాయకపోయి ఉంటాడు అంది.

అందరికీ అలాంటి బెంచి దొరకదు కదా. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు నియమాలు పెట్టారు. అడిగినప్పుడు నిజం చెప్పాలి. చిన్న కేసు అయితే దాచినా యాజమాన్యం క్షమించొచ్చు, పెద్దదైతే తీసెయ్యొచ్చు. నిజం చెప్పినా తీసుకోవాలన్న బలవంతం లేదు, కానీ అన్నీ ఆలోచించి నిర్ణయించాలి. ఇంకో చిక్కు ఉంది. 2012లో సముతిరం కేసులో "గౌరవప్రదమైన విడుదల" వేరు, సాక్షులు తిరగబడటం వల్ల, అనుమానం లాభం వల్ల వచ్చిన విడుదల వేరు అని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే నిర్దోషుల్లో కూడా ఫస్ట్ క్లాసు, థర్డ్ క్లాసు ఉన్నాయి! తీర్పులో ఒక్క విశేషణం తక్కువైతే ఇరవై ఏళ్ళు వెంటాడుతుంది.

గూగుల్ మర్చిపోదు

ఇప్పటి కొత్త రిజిస్టరు గూగుల్. భారత సంతతి అమెరికన్ పౌరుడు ఒకతను 2009లో ఇండియా వచ్చినప్పుడు డ్రగ్స్ కేసులో ఇరుక్కున్నాడు. 2011లో కింది కోర్టు నిర్దోషి అంది, 2013లో ఢిల్లీ హైకోర్టు అదే ఖాయం చేసింది. తిరిగి వెళ్ళి లా చదివాడు. పేరు కొడితే చాలు ఆ తీర్పు వచ్చేది, ఉద్యోగాలు రాలేదు. విచిత్రం చూడండి, అతన్ని ముంచుతున్నది అతను నిర్దోషి అని చెప్పిన కాగితమే. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, అంతిమ తీర్పు వచ్చేలోగా దాన్ని సెర్చిలో రాకుండా చెయ్యమంది. 2017 పుట్టస్వామి తీర్పులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కయింది కదా, దాన్ని పట్టుకుని.

అదే 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టులో ఇలాంటి పిటిషన్‌నే ఒక జడ్జి కాదన్నారు, చట్టం లేకుండా ఎలా అని. 2024 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి సరేనంది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తీర్పులు జనం చదవగలగాలి, అది ప్రజాస్వామ్యానికి అవసరం. నిర్దోషికి పేరు దాచుకునే హక్కు ఉండాలి, అదీ అవసరమే. రెంటికీ పొంతన కుదర్చాల్సింది పార్లమెంటు. నూటయాభై ఏళ్ళుగా రాయడానికి ఇన్ని చట్టాలు చేసినవాళ్ళు దీనికి ఒక్కటి చెయ్యలేదు.

మరి ఇప్పుడున్న దారులేమిటి?

చరిత్ర అంతా కలిపితే చేతికి దొరికేవి ఇవి.

కేసు మొదట్లోనే ఉంటే, భజన్‌లాల్ ఏడింటిలో ఒకదానిలో ఇమిడితే, లేదా రాజీ కుదిరితే, 528 కింద హైకోర్టు. విచారణకి వెళ్ళాక అయితే డిశ్చార్జి, లేదా నిర్దోషిగా విడుదల. ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీసుకుని దాచుకోవడం, స్టేషన్ కంప్యూటరులో స్టేటస్ మార్చమని కాపీ జతచేసి రాతపూర్వకంగా అడగడం. వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని ఉంటే 2022 చట్టం కింద వాటిని నాశనం చెయ్యమని అడగడం. కేసు కోర్టులో నడుస్తున్నా పాస్‌పోర్టుకి దారి ఉంది, 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మీ పేరుతో రౌడీషీటో సస్పెక్టు షీటో ఉంటే, మన పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దాన్ని డిసెంబరు తర్వాత కొనసాగించడానికి పై అధికారి ఆర్డరు కావాలి. ఆ ఆర్డరు ఏదని అడగొచ్చు. కారణం లేకుండా కొనసాగిస్తే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. నిఘా రిజిస్టరులో పేరెక్కించడానికి సహేతుకమైన నమ్మకం ఉండాలని 1980లోనే మాలక్ సింగ్ కేసులో చెప్పింది మన అనంతపురం జిల్లా మనిషి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు.

ఇక ఫారాల్లో అడిగినదానికి నిజం రాయడం తప్ప వేరే దారి లేదు. అమెరికా వీసా ఫారం క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పాలంటుంది. మన కోర్టు కొట్టేసిందని అక్కడ "లేదు" అని టిక్ పెడితే, లేని నేరానికి బదులు కొత్త నేరం మొదలవుతుంది.

చివరగా, మొదలుపెట్టిన రిజిస్టరు దగ్గరికి. 2024 మేలో ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ తన హిస్టరీ షీటు మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒక మాట చెప్పింది. వెనకబడిన వర్గాల, విముక్త జాతుల అమాయకుల పేర్లు కేవలం పుట్టుక వల్ల హిస్టరీ షీట్లలో చేరకుండా అన్ని రాష్ట్రాలూ తమ నియమాలు చూసుకోవాలని. అదే ఏడాది అక్టోబరులో, ఒక జర్నలిస్టు వేసిన కేసులో, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. చట్టం రద్దయిన 72 ఏళ్ళకి కూడా సుప్రీంకోర్టు ఈ మాట చెప్పాల్సి వచ్చిందంటే, చట్టం పోయాక కూడా రిజిస్టరు ఎంతకాలం బతుకుతుందో చూడండి.

మనలో ఒకడికి తప్పుడు కేసు పడితే లక్షో రెండు లక్షలో పోసి హైకోర్టు లాయర్ని పెట్టుకుంటాం. తీర్పు కాపీ పీడీఎఫ్ చేసి మెయిల్లో దాచుకుంటాం. ఆ స్తోమత లేనివాడి పేరు అక్కడే ఉండిపోతుంది, వాడి కొడుకు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ ఇంటిపేరు చూసి తల ఊపుతాడు. పిల్లలకి ఇచ్చినట్టు, బ్రిటన్ 1974లో ఇచ్చుకున్నట్టు, ఇన్నేళ్ళు తప్పు చెయ్యకపోతే దానంతటదే పోయే చట్టం మనకి ఒకటి కావాలి. లాయరు, ఫీజు లేకుండా. మీరేమంటారు?